హోంమంత్రి అయిన పాటగాడు

గినీ దేశానికి చెందిన కెయిటా ఫొడేబా ప్రస్తావన రాగానే చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు: తను కట్టించిన జైల్లో తనే చచ్చాడు. చేసుకున్నవాడికి చేసుకున్నంత అనిపించే కథ. అబద్ధమూ కాదు. రాజధాని కొనాక్రీలోని ఒక సైనిక శిబిరంలో ఖైదుగదులు లేచింది ఫొడేబా రక్షణ, భద్రతల మంత్రిగా ఉన్న కాలంలోనే. 1969 మే 27న అతన్ని అక్కడి ఖైదీగా ఉండగానే చంపేశారు. ఈ కథ ఇంత తేలిగ్గా చెప్పేయగలగడమే నాకు ఇబ్బంది. వినగానే లెక్క సరిపోయినట్టుంటుంది, ఇక ఎవరూ ఏమీ అడగరు. అతను చేసిన పాటలేమిటో, అతని హయాంలో జైలుకు పోయినవాళ్ళెవరో, రెండూ పక్కకు పోతాయి.

ముందు పాట సంగతి. ఫొడేబా 1921లో సిగిరీలో పుట్టాడు. నైజర్ నది ఎగువన, మాలి సరిహద్దుకు దగ్గరలో ఉన్న మాలింకె వాళ్ళ ఊరది. అప్పట్లో ఫ్రెంచివాళ్ళ ఏలుబడి. అక్కడ కెయిటా అంటే మామూలు ఇంటిపేరు కాదు. పదమూడో శతాబ్దంలో మాలి సామ్రాజ్యాన్ని నిలబెట్టిన సుంజాత వంశం మాదని చెప్పుకునేవాళ్ళ పేరు. ఆ సమాజంలో పాట అందరిదీ కాదు. రాజుల చరిత్రలు, వంశావళులు, పొగడ్తలు పాడేది జెలీలు. మన భట్రాజుల్లాగా పుట్టుకతోనే ఆ వృత్తిలోకి వచ్చేవాళ్ళు. కోరా, బలాఫోన్ వాళ్ళ వాద్యాలు. కెయిటాలు పాడించుకుంటారు, పాడరు. ఫొడేబా ఆ కట్టు దాటాడు. దాటించింది చదువు.

సెనెగల్‌లోని విలియం పోంతీ బడిని ఫ్రెంచి ప్రభుత్వం పంతుళ్ళనూ గుమస్తాలనూ తయారుచేసుకోవడానికి పెట్టింది. అక్కడొక పద్ధతి ఉండేది. సెలవులకు ఇళ్ళకు వెళ్ళే పిల్లల్ని తమ ఊరి ఆచారాలూ కథలూ రాసుకు రమ్మనేవారు. వాటితోనే బళ్ళో నాటకాలు ఆడించేవారు. దొరల ఉద్దేశం వేరు: తమ కింద పనిచేయబోయేవాళ్ళు మరీ ఫ్రెంచివాళ్ళయిపోకూడదు, ఊళ్ళ ఆనుపానులు తమకు తెలుస్తూ ఉండాలి. అయితే అలా రాసుకొస్తూ, ఆడుతూ, ఆ పిల్లలు తమ ఊరి ఆటను కాస్త దూరంగా నిలబడి చూడటం నేర్చుకున్నారు. పశ్చిమాఫ్రికా తొలితరం మంత్రుల్లో చాలామంది ఈ బడి నుంచే వచ్చారు, ఆ సంగతి దొరలు ఊహించి ఉండరు.

ఫొడేబా కొన్నాళ్ళు సెనెగల్‌లో పంతులుగా పనిచేసి, 1948లో లా చదవడానికి పారిస్ వెళ్ళాడు. అక్కడ లా కంటే ఆటపాటే ఎక్కువైంది. జెలి అయిన గిటారిస్టు కాంతే ఫాసెల్లీ తోడయ్యాడు. కోరా మీద పలికే నడకల్ని గిటార్ మీదికి తెచ్చిన తొలివాళ్ళలో ఫాసెల్లీ ఒకడు. ఫొడేబా కవిత చెబుతుంటే మధ్యమధ్య గిటార్ కథ నడిపేది. కొన్నేళ్ళలో వీళ్ళ చుట్టూ పశ్చిమాఫ్రికా దేశాల ఆటగాళ్ళు, డోలువాళ్ళు, పాటగత్తెలు చేరి పెద్ద బృందమైంది. దాని పేరు లే బాలే ఆఫ్రికెన్. 1950ల్లో యూరప్ తిరిగి, 1959లో న్యూయార్క్ బ్రాడ్‌వే దాకా వెళ్ళింది. ఊళ్ళో తెల్లవార్లూ సాగే ఆటను హాల్లో నిమిషాలకు కుదించి చూపిస్తే అది ఆఫ్రికా ఆట అవుతుందా అని అప్పట్లోనే కొందరు మొహం చిట్లించారు. పల్లెలో చూసేవాడూ ఆడేవాడే, టికెట్టు కొని కూర్చున్నవాడు ఆడడు, కాబట్టి మార్చక తప్పదని ఫొడేబా వాదన. అసలు ఏ కాలం నాటి ఆటను మీరు అసలుది అంటారని ఎదురడిగాడు కూడా. ఈ తగవులో నేను అతని పక్షమే.

అతని రచనల్లో ‘ఆఫ్రికా వేకువ’ దగ్గర కాసేపు ఆగాలి. నామాన్ అనే రైతు కథ అది. యుద్ధానికి ఊరికొక మనిషిని పంపమని ఫ్రెంచి అధికారి నుంచి హుకుం వస్తుంది. పెద్దలు కూర్చుని, ఊరి పరువు నిలబెట్టేవాడని నామాన్‌ను ఎంచుతారు. భార్య కాదియా, చేనూ వదిలి అతను వెళ్తాడు. దూరదేశాల్లో పోరాడుతాడు, పతకాలు వస్తాయి, ఊరు గర్వపడుతుంది. తిరిగి వస్తున్నాడని కబురు కూడా అందుతుంది. రాడు. డాకర్ దగ్గర తియారొయేలో చనిపోతాడు. కథలో కల్పన నామాన్ ఒక్కడే. తియారొయేలో 1944 డిసెంబర్ 1న జరిగింది నిజం. జర్మన్ల చెరలో ఏళ్ళు గడిపి తిరిగొచ్చిన ఆఫ్రికా సిపాయిలు తమకు రావాల్సిన జీతం బాకీ అడిగారు. ఫ్రెంచి సైన్యం వాళ్ళ మీద కాల్పులు జరిపింది. చనిపోయింది 35 మందని అప్పుడు చెప్పారు. చాలా ఎక్కువమందని చరిత్రకారులు ఇప్పటికీ వాదిస్తున్నారు. చాలాకాలం ఎవరూ గట్టిగా ఎత్తని ఆ సంగతిని ఫొడేబా గిటార్, కోరా నడకల మధ్య కూర్చి చెప్పాడు. 1951లో ఫ్రెంచి ప్రభుత్వం అతని రచనల్ని తన ఆఫ్రికా వలసల్లో నిషేధించింది.

వలసపాలనను ఎదిరించిన రచయిత ఫ్రాంట్జ్ ఫానన్ తన చివరి పుస్తకంలో ఈ కవిత మొత్తాన్ని ఎత్తి రాశాడు. జాతీయ సంస్కృతి అంటే పాతవాటిని తుడిచి దాచుకోవడం కాదు, పోరాటానికి పనికొచ్చేలా మలుచుకోవడం అనే తన వాదనకు ఫొడేబానే ఉదాహరణగా చూపాడు. ఇప్పుడు గినీకి ఇతను హోంమంత్రి అని మెచ్చుకోలుగానే చెప్పాడు. పుస్తకం వచ్చింది 1961 చివర్లో. ఆ తేదీని గుర్తుంచుకోండి.

పారిస్ ఆటగాడు కొనాక్రీ హోంమంత్రి ఎలా అయ్యాడు? 1957లో ఫ్రాన్స్ తన వలసల్లో స్థానిక ప్రభుత్వాలకు కొంత అధికారం ఇచ్చింది. గినీలో కార్మిక సంఘాల నాయకుడు సెకూ టూరే పార్టీ గెలిచింది. ఫొడేబా ఆ పార్టీ మనిషి. హోంశాఖ అతనికి దక్కింది. ఏడాది తిరక్కుండానే, 1957 డిసెంబర్ 31న, ఆ ప్రభుత్వం తాలూకా స్థాయి నాయకుల పదవుల్ని రద్దు చేసింది. వీళ్ళు పేరుకు సంప్రదాయ పెద్దలు, పనికి దొరల తరఫు పన్ను వసూలుదార్లు. 1946 దాకా వెట్టికి మనుషుల్ని పట్టి పంపింది వీళ్ళే. నామాన్‌ను యుద్ధానికి పంపే హుకుం ఊళ్ళోకి వచ్చిన దారి కూడా అదే. కవితలో చెప్పినదాన్ని మంత్రిగా చేసి చూపించిన సందర్భం ఫొడేబా జీవితంలో ఏదైనా ఉందంటే ఇదే. మరుసటి ఏడు సెప్టెంబర్ 28న ఫ్రాన్స్ నేత డిగాల్ పెట్టిన రెఫరెండంలో మిగతా ఫ్రెంచి ఆఫ్రికా వలసలన్నీ ఫ్రాన్స్‌తో ఉంటామన్నాయి. గినీ ఒక్కటే వద్దంది. అక్టోబర్ 2న స్వతంత్రమైంది.

కొత్త దేశానికి పాట కావాలి. ఫొడేబా తీసుకున్న బాణీ లాబే రాజు అల్ఫా యాయాను పొగుడుతూ జెలీలు పాడేది. అల్ఫా యాయాను ఫ్రెంచివాళ్ళు రెండుసార్లు దేశం దాటించారు, పరాయి గడ్డ మీదే పోయాడు. ఊరి దొరల పదవులు ఊడగొట్టిన మనిషి ఒక దొర పొగడ్తపాటను దేశానికి గీతంగా కూర్చడం కొంచెం విడ్డూరంగానే ఉంటుంది. కానీ ఎవరిది తీసుకోవాలో అతనికి తెలుసు. ప్రభుత్వాలు ఎన్ని మారినా ఆ గీతం మారలేదు. గినీ ఫుట్‌బాల్ జట్టు మైదానంలో నిలబడితే ఇవాళ్టికీ మోగేది అదే.

ఇంతవరకు ఎవరికీ పెద్ద పేచీ ఉండదు. అసలు తూకం 1960 దగ్గర మొదలవుతుంది.

ఫొడేబాను వెనకేసుకొచ్చేవాళ్ళు ముందు చెప్పేది శత్రువుల సంగతి. వద్దన్న పాపానికి ఫ్రాన్స్ గినీని రాత్రికి రాత్రి వదిలేసింది. ఉద్యోగులు వెళ్ళిపోయారు, ఆఫీసు కాగితాలు పోయాయి, టెలిఫోన్లు కూడా పీక్కుపోయారని గినీ వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1960 మార్చిలో గినీ సొంత నోట్లు తెస్తే, ఫ్రెంచి గూఢచారి సంస్థ దొంగనోట్లు అచ్చువేసి దేశంలోకి గుమ్మరించింది. ఆ సంస్థలో ఆఫ్రికా వ్యవహారాలు చూసిన మారిస్ రొబేర్ ముసలితనంలో స్వయంగా ఒప్పుకున్న విషయం ఇది. ఫొడేబా చనిపోయిన ఏడాదిన్నరకు, 1970 నవంబర్‌లో, పోర్చుగీసు దళాలు ఓడల్లో వచ్చి కొనాక్రీ మీద పడ్డాయి. కాబట్టి కుట్రలన్నీ సెకూ టూరే కలగన్నవేనని కొట్టిపారేయడం కుదరదు. అలాంటి దేశంలో భద్రతాశాఖ చూసేవాడు తలుపులు బార్లా తెరిచి కూర్చోలేడు. ఈ వాదనకు బరువుంది. నేను దాన్ని పక్కన పెట్టను.

అయితే ఆ శాఖ ఎవరి మీద పనిచేసిందో చూడాలి. 1961లో ఉపాధ్యాయ సంఘం, ప్రభుత్వం తెచ్చిన కొత్త జీతాల పద్ధతిని విమర్శిస్తూ ఒక పత్రం విడుదల చేసింది. జీతాలు, ఇంటి వసతి, అలాంటి గొడవలు. నవంబర్‌లో సంఘం నాయకుల్ని పట్టుకున్నారు, కుట్ర అన్నారు, ఐదు నుంచి పదేళ్ళ దాకా శిక్షలు వేశారు. బడిపిల్లలు వీధిలోకి వస్తే సైన్యాన్ని దింపారు. శిక్ష పడినవాళ్ళలో ఒకడు జిబ్రిల్ తమ్సిర్ నియాన్. అంతకు ముందు ఏడాదే, ఒక జెలి నోటి నుంచి విన్న సుంజాత గాథను పుస్తకంగా తెచ్చి ప్రపంచానికి అందించిన చరిత్రకారుడు అతను. సుంజాత వంశం పేరు పెట్టుకున్న మంత్రి, సుంజాత కథ రాసిన పంతులు. పైగా మంత్రి కూడా ఒకప్పుడు పంతులే. 1952లో వచ్చిన అతని పుస్తకం పేరే ‘బడిపంతులు’.

తియారొయే సిపాయిలు అడిగింది జీతం. కొనాక్రీ పంతుళ్ళు అడిగిందీ జీతం గురించే. మొదటివాళ్ళకు తూటాలు, రెండోవాళ్ళకు జైలు. శిక్షలో తేడా ఉంది, కాదనను. అడిగినవాణ్ణి ద్రోహి అనడంలో తేడా లేదు. బయటివాళ్ళు ఎవరూ తీర్పు చెప్పక్కర్లేదు, ఫొడేబా కవితే చెబుతుంది. ఫానన్ ఆ కవితను పొగిడిన పుస్తకం అచ్చులోంచి వచ్చిన రోజుల్లోనే ఈ అరెస్టులు జరిగాయి. ఫానన్ ఆ డిసెంబర్‌లోనే పోయాడు, ఏమనేవాడో మనకు తెలిసే అవకాశం లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది: నిర్ణయాలు సెకూ టూరేవి, ఫొడేబా అమలు చేశాడంతే. కొంత నిజం. పార్టీలో ఆఖరి మాట ఎప్పుడూ టూరేదే. కానీ ఫొడేబాకు పేరు తెచ్చింది ఏమిటి? రకరకాల భాషల మనుషుల్ని చేరదీసి, నేర్పి, ఒక్క క్రమంలో నడిపించే నేర్పు. పారిస్‌లో బృందాన్ని నిలబెట్టింది ఆ నేర్పే, గినీ సైన్యానికీ పోలీసుకూ రూపం ఇచ్చింది అదే. అతన్ని చేతకాని గుమస్తాగా చూపించి కాపాడాలనుకునేవాళ్ళు, తెలియకుండానే అతని గొప్పతనాన్నే కాదంటున్నారు. సమర్థుడన్న పేరు పాటకు ఇచ్చి జైలుకు ఇవ్వకపోతే ఎలా?

పాట విషయంలోనూ ఈ ప్రభుత్వం చేతులు శుభ్రంగా లేవు. స్వాతంత్ర్యం వచ్చాక బాలే బృందం దేశానిదైంది. ముసుగు నాట్యాలు పరదేశాల వేదికల మీద చప్పట్లు కొట్టించుకున్నాయి. అదే సమయంలో గినీ అడవి ప్రాంతంలో, మూఢనమ్మకాలు పోగొడతామంటూ ప్రభుత్వం నడిపిన ఉద్యమంలో అవే ముసుగుల్ని కొల్లగొట్టారు, తగలబెట్టారు, రహస్య పూజల్ని నిషేధించారు. ఊళ్ళో దేవుడైతే నేరం, వేదిక మీద ఆట అయితే గర్వకారణం. పైన నేను ఫొడేబా పక్షం వహించిన తగవు ఇక్కడ కొంచెం మారిపోతుంది. వేదిక కోసం ఆటను మార్చడం వేరు, వేదిక మీద తప్ప మరెక్కడా బతకనివ్వకపోవడం వేరు. ఈ రెండోదానికి ఫొడేబా ఒక్కణ్ణే బాధ్యుణ్ణి చేయను, కానీ ఆ మంత్రివర్గంలో ముసుగు విలువ తెలిసినవాళ్ళలో అతన్ని మించినవాడు లేడు.

వెళ్ళిపోవచ్చు కదా అంటే, వెళ్ళినవాళ్ళున్నారు. గినీ నుంచి ప్రపంచానికి తెలిసిన నవలాకారుడు కమారా లాయె 1960ల మధ్యలో సెనెగల్ వెళ్ళిపోయాడు. తర్వాత స్వదేశం వచ్చిన అతని భార్యను జైల్లో పెట్టారు. అంటే వెళ్ళడమూ చవక బేరం కాదు. ఫొడేబా ఉండిపోయాడు. 1965లో అతన్ని రక్షణశాఖ నుంచి తప్పించి వ్యవసాయం వైపు పంపారు. తను కట్టిన సైన్యానికి దూరంగా పెట్టారన్నమాట. నమ్మకం అప్పటికే పోయిందని అర్థం.

1969 మొదట్లో లాబేలోని పారాచూట్ సైనికుల్లో అసంతృప్తి ఉందని కబురొచ్చింది. కొందరిని పట్టుకుని హెలికాప్టర్‌లో కొనాక్రీ తెస్తుండగా, వాళ్ళు పోలీసు అధికారి మమదూ బోయిరోను కిందికి తోసేశారు. కొనాక్రీ శిబిరానికి ఆ అధికారి పేరు పెట్టారు. ఇప్పుడు లోకానికి తెలిసిన బోయిరో క్యాంపు అన్న పేరు అలా వచ్చింది, ఫొడేబాను మింగిన కేసుతోనే వచ్చింది. మార్చిలో అతన్నీ, సైన్యంలో రెండో స్థాయి అధికారి కమాన్ జాబీనీ, మరికొందర్నీ అరెస్టు చేశారు. నాలుగు గోడల మధ్య తప్ప విచారణ అన్నది లేదు. రెండు నెలల్లో అయిపోయింది.

ఆ శిబిరంలో ఏం జరిగేదో బతికి బయటపడ్డవాళ్ళు రాశారు. అన్నిటికన్నా భయపడింది ‘నల్ల పథ్యం’ అనే శిక్షకు. మనిషిని ఇరుకు గదిలో వేసి, తలుపు మూసి, తిండీ నీళ్ళూ రెండూ ఆపేస్తారు. ప్రాణం పోయాక తలుపు తీస్తారు. ఆఫ్రికా ఐక్యతా సంస్థకు మొదటి సెక్రటరీ జనరల్‌గా చేసిన దియాలో తెల్లి 1977లో అలాగే పోయాడు. ఇది ఫొడేబా తర్వాతి కాలం, అతని ఖాతాలో వేయలేం. గదులు మాత్రం అప్పటికే ఉన్నాయి.

ఫొడేబా తన గది గోడ మీద రాశాడని చెప్పే మాట ఒకటి ప్రచారంలో ఉంది. ప్రజల మాట పలికేవాళ్ళను పట్టుకొచ్చే పని నాకే అప్పజెప్పేవారు, నేను పట్టుబడ్డాక గానీ అర్థం కాలేదు అని దాని సారం. కొందరు దీన్ని పశ్చాత్తాపంగా చూపిస్తారు, కొందరు నేరాంగీకారంగా. నేను దీన్ని తూకంలో ఏ పక్కా వేయను. కథకు మరీ అతికినట్టుంది. పైగా తియారొయే గురించి రాసినవాడికి ఆ సంగతి అర్థం కావడానికి జైలుగది అవసరమైందంటే నమ్మబుద్ధి కాదు.

అలాంటప్పుడు ఏమనాలి? అతని చావు శిక్ష అనే మాట నాకు నచ్చదు. శిక్ష కావాలంటే అతను చేసినదాని మీద ఎవరో అభియోగం మోపాలి, పంతుళ్ళ ఇళ్ళవాళ్ళు సాక్ష్యం చెప్పాలి, అతను జవాబివ్వాలి. జరిగింది అది కాదు. చేయని కుట్రకో, చేశాడో లేదో తేలని కుట్రకో చంపారు. చేసిన పనుల మీద ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు, ఎందుకంటే ఆ పనులు చేయించినవాళ్ళే చంపారు. 1984లో సెకూ టూరే పోయిన ఎనిమిది రోజులకు సైన్యం అధికారం తీసుకుని, ఖైదీలను వదిలేసింది. తర్వాత వచ్చిన ప్రభుత్వాలూ ఆ లెక్కలు తెరవలేదు. శవాలు ఎక్కడ పూడ్చారో చెప్పమని బాధితుల కుటుంబాలు ఇప్పటికీ అడుగుతున్నాయి.

బోయిరోలో పోయినవాళ్ళ జాబితా ఎవరు రాసినా అందులో ఫొడేబా పేరు ఉండాలంటాను. పాట గొప్పదని కాదు. విచారణ లేకుండా చంపినవాళ్ళందరి పేర్లూ ఉండాలి కాబట్టి. 1965 దాకా అతను ఏ శాఖ చూశాడో కూడా ఆ పేరు ఎదురుగా రాయాలి, చిన్న అక్షరాల్లో కాదు. అతని హయాంలో తండ్రిని పోగొట్టుకున్న ఇంటివాళ్ళు ఎవరైనా ఆ జాబితాలో మా నాన్న పేరు, ఇతని పేరు ఒక్క కాగితం మీద వద్దంటే, నచ్చజెప్పడానికి నా దగ్గర మాట లేదు. అయినా పేరు కొట్టేయమని మాత్రం అనను.